పైవారి దృష్టికి

అమలాపురం శివారులో కొబ్బరితోట చదును చేసి కట్టుకున్న మా వైనతేయ నగర్ రెండో వీధిలో మురుగు సమస్య లేదు. ఈ సంగతిని మా వీధి సంక్షేమ సంఘం రెండుసార్లు తీర్మానించింది. మొదటి తీర్మానం ఏకగ్రీవం. రెండోసారి సత్యవేణిగారు సమావేశానికి రాలేకపోయేరు కాబట్టి అదీ ఏకగ్రీవమే. ఆ సమయంలో ఆవిడ తన బాత్రూములోంచి మురుగు తోడుకుంటున్నారు.

వీధిలో పద్నాలుగు ఇళ్ళు. మెయిన్‌రోడ్డు దగ్గర మెరకలో ఉన్న ఒకటో నంబరు సంఘం అధ్యక్షులు, రిటైర్డు సూపరింటెండెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారిది. అటు చివర పల్లంలో, పెద్ద మురుగుకాలవకి ఇవతల ఉన్న పద్నాలుగో నంబరు సత్యవేణిగారిది. భర్త మస్కట్‌లో డ్రైవరు. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. అత్తగారు అచ్చమ్మగారికి మోకాళ్ళు వంగవు. నాది ఆరో నంబరు. నా గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

నిరుడు సంఘమే నడుం కట్టి వీధి పొడుగునా భూమిలో మురుగు పైపు వేయించింది. వీధి చివర కాలవ దగ్గర నల్లరాతి ఫలకం నిలబెట్టేం. దాని మీద పదిహేడు పేర్లున్నాయి. ఇళ్ళు పద్నాలుగే అయినా ఉత్సాహం ఎక్కువ. మేమంతా పాత సెప్టిక్ ట్యాంకులు పూడ్పించి, పైన టైల్సు వేసి కార్లు పెట్టుకున్నాం. సత్యవేణిగారికి కారు లేదు గనక ఆవిడ ట్యాంకు అలాగే ఉండిపోయింది.

పైపు వేసిన మూడో వారం నుంచి సత్యవేణిగారి బాత్రూములో నీళ్ళు పైకి రావడం మొదలెట్టేయి. పొద్దున్నే ఏ ఇంట్లో ఎవరు స్నానం చేసేరో ఆవిడకి ఇంట్లో కూర్చునే తెలిసిపోయేది. పన్నెండో నంబరువారు షాంపూ మార్చిన సంగతి వీధిలో ముందుగా గ్రహించింది ఆవిడే. ఇంతటి సామాజిక పరిజ్ఞానం దొరుకుతున్నా సంతోషించక, వెళ్ళి అధ్యక్షులవారికి చెప్పుకున్నారు.

ఆయన ఓపిగ్గా విన్నారు. మిగతా ఇళ్ళకి మనిషిని పంపి కనుక్కున్నారు. ఎవరికీ ఇబ్బంది లేదు. మినిట్సు పుస్తకంలో ఇలా రాయించేరు: "పదమూడు ఇళ్ళలో లైను అద్భుతముగా పనిచేయుచున్నది. పద్నాలుగో ఇంట కూడా పనిచేయుచున్నది. కాకపోతే లోపలికి."

తర్వాత నిజనిర్ధారణ బృందం బయల్దేరింది. అందులో నేనూ ఉన్నాను. గేటు బయటే నిలబడి, ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, వాసన ఉన్నట్టు ఆధారాలేమీ దొరకలేదని నిర్ధారించేం. ఆవిడ పక్కింటి రమణబాబుగారు బాత్రూము తలుపు దిక్కు మార్చమని సలహా ఇచ్చేరు. ఇంకొకరు నీళ్ళు పొదుపుగా వాడమన్నారు. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చిన పెళ్ళివారు గుమ్మం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్ళిపోతున్నారని ఆవిడ చెప్పుకుంటే, అది వ్యాపార సమస్య కాబట్టి సంఘం జోక్యం చేసుకోలేదు.

ప్లంబరు గంగబాబు వచ్చి ఒక పూట తవ్వి అసలు సంగతి చెప్పేడు. పైపు కాలవలో కలవనే లేదు. పదడుగుల ముందే మట్టిలో ఆగిపోయింది. ఫలకం పునాది ముందు కట్టేసేరు, పైపు తర్వాత వచ్చింది, పునాది అడ్డొచ్చింది. రాయి పక్కకి జరిపితే సగం రోజు పనండి, అన్నాడు.

రాయి జరపడమన్న మాట మీద అత్యవసర సమావేశం పెట్టేం. అధ్యక్షులవారు లేచేరు.

"పైపులు భూమిలో ఉంటాయి, ఎవరికీ కనబడవు. ఫలకం కనబడుతుంది. రేపటి తరం మన సేవని దేన్ని చూసి తెలుసుకుంటుంది? అమ్మా సత్యవేణీ, నీ బాధ మా బాధ. దీన్ని తప్పకుండా పైవారి దృష్టికి తీసుకెళ్తాం."

చప్పట్లు కొట్టేం. పైవారెవరో ఎవరూ అడగలేదు.

నాలుగో రోజున, తడిలో పరిచిన ఇటుకల మీద నడుస్తూ అచ్చమ్మగారు జారిపడ్డారు. మణికట్టు విరిగింది. కట్టు కట్టించి ఆటోలో తీసుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, సత్యవేణిగారు సగం కుట్టిన జాకెట్ల మధ్య కూర్చున్నారు. ఆవిడ ఏడవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. అప్పుడూ చూడలేదు, ఎవరూ వెళ్ళలేదు గనక. తర్వాత గంగబాబుకి ఫోను చేసేరు.

అతను ఆవిడ బాత్రూము గొట్టాన్ని పాత ట్యాంకులోకి తిప్పేడు. వీధి లైను నుంచి వచ్చే మూతి ముందు మూత పట్టుకుని ఆగేడు.

"ఆయ్, బిగించేస్తే మీ ఇంటికి రాదండి. కానీ వెనక్కి తన్నుకుని పైనున్న ఇళ్ళకి వెళ్తుందండి."

"పైవారి దృష్టికి తీసుకెళ్తామని సంఘంవారే అన్నారు కదా గంగబాబూ," అన్నారావిడ. "వెళ్ళనీ."

మర్నాడు పదమూడో నంబరు రమణబాబుగారి వంటింట్లో తూము బుడగలు పోసింది. ఆయన తలుపు దిక్కు మార్చలేదు. గంగబాబుని పిలిచి మూత వేయించుకున్నారు. ఆ పై రోజు పన్నెండు, తర్వాత పదకొండు. సమస్య క్రమశిక్షణతో, నంబరు తప్పకుండా, మెట్టుమెట్టుగా పైకెక్కింది. మూతలైతే పడ్డాయి గానీ, ట్యాంకులు కార్ల కింద ఉన్నాయి. ఇక వెళ్ళేది ఎక్కడికి?

ఆ పన్నెండు రోజుల్లో మా వీధిలో భక్తి విపరీతంగా పెరిగింది. తెల్లవారేసరికి కుటుంబాలకి కుటుంబాలు తువ్వాళ్ళతో సహా ద్రాక్షారామం దర్శనానికి బయల్దేరేవి. సత్రంలో గది తీసుకుని, ముందు గది దర్శనం చేసుకుని, తీరిగ్గా స్వామి దర్శనం చేసుకునేవి. ఎవరో తెలియనివారి శుభలేఖ వచ్చినా ముందురోజే వెళ్ళి రెండు రోజులుండి వచ్చేవాళ్ళం. సఖినేటిపల్లిలో ఉన్న మా మేనత్తతో పదేళ్ళుగా మాటల్లేవు. ఆవిడింట్లో రెండు బాత్రూములున్నాయని గుర్తొచ్చి సఖ్యపడ్డాను.

పదమూడో రోజుకి ఒకటో నంబరు ఒక్కటే మిగిలింది. మిగతా గొట్టాలన్నిటికీ మూతలు పడ్డాయి గనక లైనులో అప్పుడు పారుతున్నదంతా అధ్యక్షులవారిదే. అది అటు చివరిదాకా వెళ్ళి, దారి లేక, తిరిగి ఆయన ఇంటికే వచ్చింది. వియ్యంకులు భోజనానికి కూర్చునుండగా వచ్చింది.

ఆ మధ్యాహ్నమే క్రేను వచ్చింది. ఫలకాన్ని 'మరింత గౌరవప్రదమైన స్థలానికి' తరలించేరు. అది ఒకటో నంబరు గేటు పక్క. సాయంత్రానికి పైపు కాలవలో కలిసింది. మూతలన్నీ ఊడదీసేరు.

ఆదివారం అధ్యక్షులవారికి సన్మానం. శాలువా కప్పేం, ఆపిళ్ళ దండ వేసేం. ఆయన మైకు అందుకున్నారు.

"సమస్య ఏ ఇంట్లో పుట్టినా అది వీధి మొత్తానిదని మొదటినుంచీ నమ్మినవాణ్ణి నేను."

చివరి వరసలోంచి సత్యవేణిగారు లేచేరు. అధ్యక్షులవారిని పొగుడుతారనుకున్నాం.

"నాదొక సందేహమండి. ఈ కాలవ మన వీధి దాటేక ఎవరి గుమ్మాల ముందునుంచి వెళ్తుందండి?"

మాలో ఎవరికీ తెలీదు. అధ్యక్షులవారు శాలువా సర్దుకుని, ప్రేమగా చెప్పేరు.

"అది మన సంఘం పరిధిలోకి రాదమ్మా."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టేం. నేనైతే మొదటిసారి ఎవరూ చూడలేదేమోనని మళ్ళీ కొట్టేను.