దర్జీ రికార్డు ప్లేయరును తిప్పించిన విధంబు

ఆరు దినముల అలసటనంతయు నెత్తిన మోసికొని ఏడవదియగు ఆదివారము నగరముపై చతికిలబడియున్న వేళ, వీధులన్నియు ఆవులించుచుండ, పాతసామాను బజారు నడుమ తుప్పుపట్టిన ఫ్యానులు, కాళ్లు విరిగిన కుర్చీలు, మూతలు పోయిన కుక్కర్లు దట్టముగా పెరిగిన మహారణ్యమున, ఒకానొక దర్జీ తాను చిరకాలముగా వెదకుచున్న మహాయంత్రమును కనుగొనెను. అది రబ్బరు బెల్టుతో తిరిగెడు పాతకాలపు రికార్డు ప్లేయరు. దాని పళ్లెము వేలితో నెట్టిన తిరుగును, వేలు తీసిన ఆగును. పనిచేయునా యని అడుగగా దుకాణదారుడు మంచి చెక్క యని మాత్రము సెలవిచ్చెను. దర్జీ దానిని శత్రుదుర్గమును పెకలించినట్లు చంకనెత్తుకొని బస్సెక్కెను.

ఇంతటి సాహసమునకు కారణము అత్తగారు. ఆ వృద్ధనారీశిరోమణి, పెండ్లికి పూర్వము ఒక రికార్డులో కోరస్ పాడిన పన్నెండుమందిలో తానూ ఒకతెనని నలుబది యేండ్లుగా చెప్పుచుండెను. ఆ రికార్డు బీరువాలో చీరల క్రింద భద్రముగా నున్నది. అట్టపై ఆమె పేరు లేదు. వినుటకు ఇంట యంత్రము లేదు. కన్నకూతురే, అనగా దర్జీ భార్యయే, నలుగురిలో ఆ ముచ్చట ఎత్తి నవ్వుచుండెను. నవ్వినప్పుడెల్ల అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకొనును, ఆ తుడుపు కొంచెము ఎక్కువసేపు సాగును. అది చూచినప్పుడెల్ల దర్జీ పాతసామాను బజారు దారి పట్టును.

కుట్టవలసిన యూనిఫారముల రాశిని పక్కకు త్రోసి, కత్తిరింపు బల్లపై యంత్రమును నిలుపగా, ఇదేమిటని భార్య అడిగెను. "ఓ మానినీ! నీ మాతృదేవి కంఠకీర్తిని కమ్మిన అపనిందాంధకారమును చీల్చు చక్రాయుధమిది! ఇది తిరుగుదాక ఈ బాహువులకు విశ్రాంతి లేదు!" అని దర్జీ మనసులో సింహగర్జన చేసెను. నోటితో మాత్రము, "ఏం లేదు, ఊరికే" అనెను. వచ్చే ఆదివారానికి బల్ల ఖాళీ కాకున్నచో యంత్రము బజారుకే పోవునని ఆమె శాసించెను.

అంతట ఘోరసంగ్రామము మొదలయ్యెను. పాత బెల్టు ఏనాడో కరిగి, నల్లని జిగురై, పళ్లెము అడుగును కరచుకొనియుండ, స్పిరిటులో తడిపిన పేలికలతో దర్జీ మూడు దినములు దానితో పెనుగులాడెను. గోళ్లు నల్లబడెను, ఒక తెల్లచొక్కా వీరమరణము పొందెను. ఇరుసులో కుట్టుమిషను నూనె రెండు బొట్లు విడిచి, ముల్లు మార్చి, కొత్త బెల్టు తెప్పించుటకై మోటారు చక్రము మొదలు పళ్లెము చుట్టు దాక దారము పెట్టి కొలిచెను. ముప్పది యేండ్లుగా ఎవరికి ఏది కొలిచినను రెండు వేళ్లు లూజు కలిపిన చేయి గదా, ఇక్కడను ఆ చేయి తానుగా రెండు వేళ్లు కలిపెను.

శనివారము బెల్టు వచ్చెను. మధ్యాహ్నము అత్తగారు మంచి చీర కట్టుకొని కుర్చీలో కూర్చుండిరి. ముల్లు వాలెను. బెల్టు జారుచుండ, పళ్లెము ఒళ్లు విరుచుకొనుచు తిరుగ, పన్నెండుమంది స్త్రీలును జలుబు చేసిన పహిల్వానుల వలె మూలుగసాగిరి. భార్య పొట్ట పట్టుకొని నవ్వెను. అత్తగారు కళ్లజోడు తీసిరి. దర్జీ ముల్లు ఎత్తివేసెను.

బెల్టు పొడవు ఎంత పెట్టావని అత్తగారు మెల్లగా అడిగిరి. కొలతకు రెండు వేళ్లు లూజు కలిపితినని దర్జీ చెప్పెను.

"అదేంటి నాయనా," అన్నారామె, "లాగులో ఎలాస్టిక్ వేసేటప్పుడు నడుం కంటే పొట్టిగానే కోస్తావు కదా. బిగి లేకపోతే ఎక్కడ నిలుస్తుంది?"

వేయి లాగులకు ఎలాస్టిక్ వేసిన ఆ సూచీధర సార్వభౌముడు చెప్పులు తొడిగికొని బెల్టుల దుకాణమునకు పరుగెత్తెను.

మరునాడు గడువు తీరు సాయంకాలము పొట్టి బెల్టు సాగి, బిగిసి, పళ్లెమును నడిపించెను. పాట నిండుగా వచ్చెను. రెండవ చరణము తరువాత కోరస్ అందుకొనవలసిన చోట, పదునొకండు కంఠములు ఇంకను ఊపిరి పీల్చుకొనుచుండగనే, ఒక సన్నని గొంతు అరతాళము ముందే బయలుదేరి, ఒంటరిగా చిక్కి, గతుక్కుమని, మిగిలినవారు రాగానే వారిలో దాగికొనెను.

"అది నేనే," అన్నారు అత్తగారు. "తొందరపడ్డాను. మాస్టారు ఎంత తిట్టారో. మళ్లీ రికార్డు చేయడానికి టైం లేదని అలాగే ఉంచేశారు."

భార్య నవ్వలేదు. ఆ గొంతు తన తల్లిదని ఆమెకు ఎవరును చెప్పనక్కరలేకపోయెను. యంత్రము దగ్గరకు జరిగి, "ఏమండీ, అక్కడే ఇంకోసారి పెట్టండి," అనెను.

వినుడు, దశదిశలారా! చతురంగబలములు కదలకయే, నెత్తురుబొట్టు రాలకయే, ఒక్క తెల్లచొక్కా మాత్రమే నేలకొరగగా, నలుబది యేండ్ల అపవాదు కూలి, అరతాళమంత సామ్రాజ్యము అత్తగారి వశమయ్యెను. ఆ సాయంకాలము ఆ మహారాజ్ఞి దానిని ఏడు మారులు ఏలుకొనెను.