ప్యాంటు మడతలో దొరికిన పన్ను

"బావా, ఈ ఊళ్ళో ఇంతవరకూ ఒక్క హత్య కూడా ఎందుకు జరగలేదో తెలుసా?"

"తెలీదు."

"నేనున్నానని."

ఈ మాట చెప్పి మా బావమరిది నా కళ్ళజోళ్ళ షాపు కౌంటరు మీద ఒక కార్డు పెట్టాడు. దాని మీద 'డేగకన్ను, ప్రపంచస్థాయి రహస్య పరిశోధకుడు' అని అచ్చేసి ఉంది. కింద చిన్న అక్షరాలతో 'జిరాక్సు, లామినేషన్, స్పైరల్ బైండింగ్ కూడా చేయబడును' అని ఉంది. ఆ డేగకన్నుకి మైనస్ అయిదున్నర పవరు కళ్ళజోడు చేసిచ్చింది నేనే.

అప్పటికి వాడు రెండు కేసులు ఛేదించి ఉన్నాడు. మొదటిది, మా పైపోర్షన్ వాళ్ళ పిల్లి అదృశ్యం. పదకొండు రోజులు పరిశోధించి, జ్వరం వచ్చి పడుకున్నాడు. వాడు పడుకున్న సాయంత్రమే పిల్లి తిరిగొచ్చింది. రెండోది, ఎదురింటి పేపరు దొంగతనం. తెల్లారకముందే కాపు కాసి, గోడ పక్కన నక్కి, పేపరుతో సహా ఒక మనిషిని పట్టుకున్నాడు. అతను పేపరు వేసేవాడు. అతను మానేశాక ఆ వీధిలో పేపరు పోవడం నిజంగానే ఆగిపోయింది.

"ఈసారి కేసు మామూలుది కాదు బావా," అని గొంతు బాగా తగ్గించాడు. షాపులో మేమిద్దరం, గోడలకి వేలాడే ఫ్రేములు తప్ప ఎవరూ లేరు. "క్లయింటు ఎవరో మాత్రం అడక్కు. గొంతు కోసినా చెప్పను."

"సరే, చెప్పకు."

"అక్క ఫ్రెండు."

అక్క అంటే మా ఆవిడ.

"ఆవిడ మొగుడు ప్రతి బుధవారం సాయంత్రం అయిదింటికి మాయమైపోతాడట. ఏడున్నరకి ఇంటికొస్తాడు. ఎక్కడికెళ్ళావంటే మెషిన్ రిపేరంటాడు. ఆర్నెల్ల నుంచీ రిపేరయ్యే మెషిను ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా, నువ్వే చెప్పు!"

నేను తుడుస్తున్న లెన్సు చేతిలోంచి జారిపడింది. పోయిన బుధవారం ఇంటికెళ్ళి నేను చెప్పిన మాట అదే.

"ఆనవాళ్ళు రాసుకో. వయసు నలభై ఎనిమిది. కాస్త పొట్ట. నడిస్తే ఎడమ చెప్పు ఈడుస్తాడు. ఈ వీధిలోనే ఏదో షాపుందట. నీకు తెలిసినవాడే కావచ్చు, బాగా ఆలోచించు."

పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. అయినా గడ్డం గోక్కుని, "అలాంటివాడెవడూ గుర్తురావట్లేదురా," అన్నాను.

"రాడు. ఎదురుగా నిలబడినా గుర్తుండని మొహం అయ్యుంటుంది. నేరస్తులందరికీ అలాంటి మొహమే ఉంటుంది బావా," అని నా మొహంలోకి చూస్తూ అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి, "పాపం, ఆవిడ ఏడుస్తోందట. తప్పు చేస్తే చేశాడు, ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళో అయిందట ఆ మనిషి. బుధవారం మాత్రం ఈల వేసుకుంటూ మెట్లెక్కుతాడట. అదే ఆవిడ బాధ. ఈ మాట చెప్తుంటే అక్క కళ్ళు కూడా తడయ్యాయి. అక్కది మరీ జాలిగుండె," అన్నాడు.

నేను ఈల వేస్తానన్న సంగతి నాకే తెలీదు.

ఇక దాచి లాభం లేదు. ఆ నేరస్తుణ్ణి నేనే. నేను చేసే నేరం బొమ్మ ఇటుకలతో ఇళ్ళు కట్టడం. పిల్లలు ఆడుకుంటారే, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టిక్కుమని కూర్చునే ప్లాస్టిక్ ఇటుకలు, అవే. ఆర్నెల్ల క్రితం ఎదురు మేడ మీది పళ్ళ డాక్టరు చిన్నవి పెద్దగా కనిపించే అద్దం కావాలని వచ్చాడు. పళ్ళకా అని అడిగితే అటూ ఇటూ చూసి, జేబులోంచి వేలి గోరంత తలుపు తీసి చూపించాడు. అది తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆ బుధవారం క్లినిక్కుకి సెలవు కదా, రమ్మన్నాడు. వెళ్ళాను. ఇక మానలేదు. అక్కడ డాక్టరు ఓడలకి దారి చూపే దీపస్తంభం ఒకటి కడుతున్నాడు. బస్సు కండక్టరమ్మ ఒకావిడ పన్నెండో నంబరు బస్సుని సీటు సీటుకీ కడుతోంది. అక్కడ మేం పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. పైకప్పు పెట్టేశాక లోపల ఎవరూ చూడరు, అయినా లోపల అన్నీ ఉండాలి. కండక్టరమ్మ బస్సులో సీటు కింద ఎవరో మర్చిపోయిన గొడుగు కూడా ఉంది.

ఇదంతా ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పక్కింటివాళ్ళు సలహాలడిగే మనిషి, పిల్లల బొమ్మలతో ఆడుతున్నాడంటే మా ఆవిడ నవ్వుతుంది. ఆవిడ నవ్వడం మొదలుపెడితే గోడ పట్టుకుని నవ్వుతుంది. నాకు సిగ్గేసింది, అంతే. అంత చిన్న సిగ్గుకి ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంటోందని నేను కల్లో కూడా అనుకోలేదు.

"అందుకని," అన్నాడు మా బావమరిది, "ఎల్లుండి బుధవారం కాపు కాస్తున్నాం. నువ్వు నా అసిస్టెంటువి."

కాదంటే అనుమానం. సరేనన్నాను.

బుధవారం నాలుగున్నరకల్లా వాడు బస్టాపులో తయారయ్యాడు. ఎవరూ గుర్తుపట్టకూడదని సొంత మీసం మీద ఇంకో మీసం అతికించుకున్నాడు. టీ కొట్టాయన, "ఏం సార్, ఇవాళ జిరాక్సు షాపు తియ్యలేదా?" అని అడిగాడు. పూలమ్మే ఆవిడ, "తమ్ముడూ, నీ పై మీసం ఊడుతోంది," అంది. వాడు ఇద్దరికీ సమాధానం చెప్పలేదు. వేషంలో ఉన్నవాడు మాట్లాడకూడదట.

"మనం దేన్ని చూడాలి?" అని అడిగాను.

"మీ షాపుని. అక్క చెప్పింది, వాడు సరిగ్గా అటునుంచే వస్తాడట. అయిదింటికి ఆ గుమ్మం వైపు రెప్ప వెయ్యకుండా చూడు."

ఇద్దరం నా షాపు గుమ్మం వైపు రెప్ప వెయ్యకుండా చూశాం. అయిదైంది. అయిదుంపావైంది. అందులోంచి ఎవరూ రాలేదు. ఎలా వస్తారు, వాడి పక్కన నేను నిలబడితే! వాడు నోటుబుక్కు తీసి, 'అనుమానితుడు మన రాకను పసిగట్టాడు. మన దగ్గర మనిషెవరో వాడికి సమాచారం ఇస్తున్నారు' అని రాసుకున్నాడు.

"ఎవరై ఉంటారంటావు?" అన్నాడు.

"టీ కొట్టాయన మీద ఒక కన్నెయ్యి," అన్నాను. పాపం తగుల్తుందని తెలుసు. కానీ నాకు వేరే దారి కనపడలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ బస్సు దిగింది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇంట్లో ఏది దొరికినా ముందు ఒక గాజు ట్యూబులో వేసి, మూత బిగించి, తేదీ రాయడం అలవాటు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది.

"మీరు ఇక్కడున్నారేంటి?"

"వీడికి సాయంగా."

"ఈ రోజు మెషిన్ రిపేరు లేదా?"

"లేదు," అన్నాను.

ఆవిడ సంచిలోంచి ట్యూబు తీసి తమ్ముడికిచ్చింది. "మా ఫ్రెండు పొద్దున బట్టలు ఉతకబోతే వాళ్ళాయన ప్యాంటు మడతలో ఇది దొరికిందట. ఏంటో తెలీక భయపడుతోంది."

ట్యూబు అడుగున తెల్లగా, గుండ్రంగా, బఠాణీ గింజంత ముక్క. అది నేను కడుతున్న బొమ్మ గదికి పెట్టాల్సిన బల్బు. పోయిన బుధవారం డాక్టరూ, కండక్టరమ్మా, నేనూ నేల మీద పాకుతూ గంటసేపు వెతికిన బల్బు. 'దొరికిందా!' అనబోయి నాలుక కరుచుకున్నాను.

మా బావమరిది ట్యూబుని కళ్ళజోడుకి ఆనించుకుని చూశాడు. చూస్తూ చూస్తూ రంగు మారిపోయాడు.

"అక్కా, ధైర్యం తెచ్చుకో. ఇది పన్ను."

"పన్నేంట్రా?"

"మనిషి పన్ను!"

"ప్లాస్టిక్‌లా ఉంది చూడు," అన్నాను.

"అందుకే నువ్వు అసిస్టెంటువి, నేను డేగకన్నుని. ప్లాస్టిక్కంటే కట్టుడు పన్ను. కట్టుడు పన్నంటే పెద్ద వయసు. అంటే చచ్చినవాడు ముసలాయన!"

"ఎవరు చచ్చారు?" అంది మా ఆవిడ.

"అదే కనిపెట్టాలి. ముందు ఇది ఎన్నో పన్నో తెలియాలి. పదండి, ఎదురుగానే పళ్ళ డాక్టరున్నాడు."

"బుధవారం ఆయనకి సెలవు," అన్నాను.

"మీకెలా తెలుసు?" అంది మా ఆవిడ.

"బోర్డు మీద ఉంది."

బోర్డు వెనక్కి తిరిగి ఉంది. ఆవిడ బోర్డుని చూసింది, నన్ను చూసింది, మెట్లెక్కడం మొదలుపెట్టింది. నేను అందరికంటే వెనకాల ఎడమ చెప్పు ఈడ్చుకుంటూ ఎక్కాను. ఆ చప్పుడుకి ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగింది. ఆ కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. పైన ఏం చూడాల్సొస్తుందో అన్న భయం. ఆ క్షణమే చెప్పేసి ఉండాల్సింది.

తలుపు కొట్టగానే డాక్టరు తీశాడు. ఒక చేతిలో దీపస్తంభం తలకాయ ఉంది.

"ఇంత ఆలస్యమా గురువుగారూ! మీ కోసం కిటికీ ముక్కలు ఏరిపెట్టాను," అని నాతో అని, మా బావమరిదిని చూసి, "ఈయనెవరు, రెండు మీసాలతో?" అన్నాడు. అంతలో ట్యూబు కంటపడింది. "అరె! బల్బు! కండక్టరమ్మా, గురువుగారి గది బల్బు దొరికిందండీ!"

"దొరికిందా? ఎక్కడుంది, ఎక్కడుంది?" అంటూ కండక్టరమ్మ యూనిఫాం మీదే పరిగెత్తుకొచ్చింది.

"ఎవ్వరూ కదలొద్దు!" అని మా బావమరిది గర్జించాడు. "వాడు ఇక్కడే ఉన్నాడు. నాకు తెలుస్తోంది. బావా, నువ్వెళ్ళి తలుపు దగ్గర నిలబడు. ఒక్కణ్ణి కూడా బయటికి వదలకు!"

నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

వాడు కర్టెన్ వెనక చూశాడు. బీరువాలో చూశాడు. పళ్ళ కుర్చీ కిందకి దూరి ఏదో మీట నొక్కాడు. కుర్చీ మెల్లగా కిందకి దిగి వాణ్ణి నేలకి అదిమి పట్టింది. డాక్టరు వచ్చి ఇంకో మీట నొక్కి విడిపించాడు.

"అక్కా," అన్నాడు కింద నుంచే, "మీ ఫ్రెండుకి ఫోన్ చెయ్యి. ఆవిడొచ్చి గుర్తుపట్టాలి."

"గుర్తుపట్టింది," అంది మా ఆవిడ నా వంక చూస్తూ.

"ఎప్పుడొచ్చింది?"

డాక్టరే జాలిపడి, వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చెవిలో రెండు నిమిషాలపాటు ఏదో చెప్పాడు. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. పై మీసం పీకేసి, "నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది," అన్నాడు. నోటుబుక్కులో 'కేసు ఛేదించబడింది' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

మా ఆవిడ మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళింది. పళ్ళ అచ్చులు పోసే ట్రేల నిండా ఇటుకలున్నాయి. రంగుల ప్రకారం కాదు, ఆకారాల ప్రకారం సర్ది ఉన్నాయి. ట్రేల మధ్యలో దీపస్తంభం, బస్సు. చివర నా గది.

"ఇదా?" అంది.

"ఇదే," అన్నాను. "చెప్తే నువ్వు నవ్వుతావని..."

"నవ్వుతాను. మీరు చేసేవాటిలో సగానికి నవ్వుతూనే ఉన్నాను. ఎప్పుడైనా వద్దన్నానా? ఆర్నెల్లు. ప్రతి బుధవారం మీరు ఈల వేసుకుంటూ మన మెట్లెక్కుతుంటే, ఈయన్ని ఇంత సంతోషంగా ఉంచేది ఎవరో, అది నా వల్ల ఎందుకు కావట్లేదో అని కుమిలిపోయాను. తెలుసా మీకు?"

"తప్పైపోయింది," అన్నాను. అంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని గది పైకప్పు పట్టుకుని ఎత్తింది. రేకుల కప్పు. లోపల ఒకే గది. గోడవారగా మంచం, ఒక పొయ్యి, మేకుకి వేలాడే సంచి. కిటికీ దగ్గర బొటనవేలంత మనిషి, వీధిలోకి చూస్తూ. ఆవిడ వేలి కొనతో మంచాన్ని తాకింది.

"ఇది మన మొదటి అద్దె గది కదూ," అంది.

"అవును."

"పొయ్యి ఇక్కడ కాదు. కిటికీ కింద. గాలికి మంట ఆరిపోతోందని రోజూ తిట్టుకునేదాన్ని." వేళ్ళతో పొయ్యి పట్టుకుని లాగింది, రాలేదు. "ఎలా ఊడతీస్తారు దీన్ని?"

"గోరు దూర్చి పక్కకి వంచు."

టిక్కుమని ఊడింది. కిటికీ కింద పెట్టి నొక్కింది. టిక్కుమని కూర్చుంది. ఆ చప్పుడుకి ఆవిడ మొహంలో ఏదో మారింది. సంచి పక్కనపెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"కిటికీ దగ్గరున్నది నేనా?"

"నువ్వే. జడ ముక్క దొరకలేదు."

"మరి మీరేరీ?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. గదంతా కట్టాను, బల్బుతో సహా. నన్ను పెట్టుకోవడం మాత్రం గుర్తులేదు. "నేను బయటే ఉన్నానుగా, కడుతూ," అన్నాను.

"అదే మీ జబ్బు," అంది మా ఆవిడ. అని, కండక్టరమ్మ వైపు చెయ్యి చాపింది. "అమ్మా, మీ డబ్బాలో మగమనిషి ఉంటే ఒకణ్ణివ్వండి. జుట్టు లేకపోయినా ఫరవాలేదు, లోపల కూర్చుంటే చాలు."

కండక్టరమ్మ డబ్బా మూత తీసి వెతకడం మొదలుపెట్టింది.