హడ్సన్ కంపెనీ వారి పది రోజుల మైల

1957వ సంవత్సరం నవంబరు నెలలో ఒక సోమవారం ఉదయం ఆళ్లగడ్డ వీధుల్లో దండోరా వేశారు. అమెరికా దేశంలో హడ్సన్ అనే కార్ల పేరు కాలం చేసినందున శ్రీ ఆదినారాయణరెడ్డి గారింట పది రోజులు మైల పాటించబడుననీ, అంతవరకు వారి హడ్సన్ కారు షెడ్డు దాటి రాదనీ, పదకొండో నాడు సంతాపసభ, తదుపరి భోజనాలు ఉంటాయనీ దాని సారాంశం. జనం నిలబడి విన్నారు. కొందరు పాపం అన్నారు. ఎవరూ నవ్వలేదు. భోజనాల ప్రస్తావన ఉన్న దండోరాను మా ఊళ్లో తేలికగా తీసుకోరు.

ఆ కారును నమ్ముకున్నవాళ్లలో నా భార్య లూదియా ఒకతె. ఆమెకు అప్పుడు తొమ్మిదో నెల. బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలైన వెంటనే ఎక్కడున్నా బయలుదేరి రావాలనీ నంద్యాల ఆసుపత్రి దొరసాని డాక్టరు చెప్పి పంపింది. నంద్యాలకు ఉదయం ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. నొప్పులు బస్సు వేళలు చూసుకుని రావు గనుక రెడ్డిగారు తమ కారు ఇస్తామని మాట ఇచ్చి ఉన్నారు. ఆ మాట వారు తప్పలేదు. ఎందుకు తప్పలేదో తెలియాలంటే కారు చరిత్ర కొంత తెలియాలి.

హడ్సన్ వంశచరిత్ర ఆళ్లగడ్డలో చదువు రానివారికి కూడా కంఠస్థం. 1909లో డెట్రాయిట్ నగరంలో కొందరు కలిసి కార్ల కంపెనీ పెట్టదలచి, పెట్టుబడి ఇచ్చిన పెద్దమనిషి పేరు దానికి పెట్టారు. ఆయనది అంగడి వ్యాపారం. కారు చేయడం తెలిసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. ఈ పద్ధతి మా తాలూకాలో సత్రాలకు, బడులకు కూడా అమలులో ఉన్నందున ఎవరికీ వింతగా తోచలేదు. ఒక దశలో ఆ కంపెనీ అమ్మకాల్లో దేశంలో మూడో స్థానం దాకా పోయింది. తరువాత కుంగింది. మళ్లీ లేచింది. రెండో యుద్ధం అయిపోయాక, లోపలి అడుగుభాగం బాగా కిందికి ఉండే కారు ఒకటి చేసి పందేల మీద పందేలు గెలిచింది. పందేలు గెలుస్తున్న ఆ సంవత్సరాల్లోనే జనం ఆ కార్లు కొనడం తగ్గించారు. మొదటి బహుమతులు వచ్చినవాళ్లకు ఉద్యోగాలు రాకపోవడం చూసి ఉన్న ఉపాధ్యాయుణ్ణి గనుక ఇది నాకు సులభంగానే అర్థమైంది.

మిగతా కార్లలోకి ఎక్కుతారు. హడ్సన్‌లోకి దిగుతారు. ఎవరి ముందూ ఒక మెట్టు దిగని ఆదినారాయణరెడ్డి గారు రోజూ దిగడం చూసే భాగ్యం ఊరికి దానివల్లే కలిగింది. 1953 అక్టోబరులో కర్నూలు రాజధాని కాగానే, రాజధానికి బస్సులో పోవడం మర్యాద కాదని వారు మద్రాసు వెళ్లి మూడేళ్లు వాడిన హడ్సన్ ఒకటి తెచ్చారు. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, ఆ తరువాత మద్రాసు నుంచి తెప్పించుకున్న ఇంగ్లీషు పత్రికలు చదివి చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. బడి వదలగానే వారి అరుగు మీద కూర్చుని చదివేవాణ్ణి.

అలా 1954లో ఒకనాడు, హడ్సన్ కంపెనీ నాష్ అనే మరో కార్ల కంపెనీతో కలిసిపోతున్నదన్న వార్త చదివాను.

"కలిసిపోవడమంటే ఏందప్పా?" అన్నారు రెడ్డిగారు.

"ఇక మీదట రెండూ ఒకే సంస్థ అండీ."

"అంటే పెండ్లి. అట్ల చెప్పు."

పురోహితులు లక్ష్మీనారాయణశాస్త్రి గారు పక్కనే ఉన్నారు. "పెండ్లయితే వరుడెవరు, వధువెవరు?" అని న్యాయమైన ప్రశ్న వేశారు.

నేను తక్కిన వార్త చదివాను. డెట్రాయిట్‌లో హడ్సన్ కార్ఖానా మూసేస్తారు. పని అంతా నాష్ వారి ఊరికి తరలిపోతుంది. పుట్టిల్లు మూసుకుని ఇంకొకరి ఇంటికి తరలిపోయేది ఎవరో అందరికీ తెలుసు. రెడ్డిగారి ముఖం నల్లబడింది. తాము వీధిలో ఆడపిల్లను నడుపుకుంటూ తిరుగుతున్నామన్న మాట వారు సహించగలిగింది కాదు.

"ఇల్లటం!" అన్నారు ఉన్నట్టుండి. "మగ దిక్కు లేనింటికి అల్లుణ్ణి తెచ్చుకోరా? హడ్సనుకు నాష్ ఇంట్లో ఇల్లటం. వరుడే. ఏం సారూ?"

ఇంట్లోంచి వారి భార్య కమలాక్షమ్మ గారి గొంతు వినిపించింది. "అవు, అట్లనే చెప్పు. నువ్వు మా ఇంటికి వచ్చినట్టే గదా!"

రెడ్డిగారు ఆ ఇంటికి ఇల్లటం అల్లుడన్న సంగతి ఊరు మరిచిపోయి చాలా కాలమైంది. కమలాక్షమ్మ గారు మరువలేదు. రెడ్డిగారు నా వైపే చూస్తున్నారు. పెద్ద కంపెనీ నాష్ వారిదేనని పత్రికలో స్పష్టంగా ఉంది. నేను పత్రిక మడిచి, "వరుడనే అనుకోవచ్చండీ" అన్నాను. ఆ వారమే ఊరికి విందు జరిగింది. మగపెళ్లివారి హోదాలో రెడ్డిగారు వియ్యాలవారి కోసం ఒక కుర్చీ ఖాళీగా వేయించారు.

రెండేళ్లకు, 1956లో, మన రాష్ట్రం కూడా ఇంకొక దానితో కలిసింది. రాజధాని హైదరాబాదుకు తరలింది. అందులో ఎవరు ఎవరింటికి పోయారన్నది మా అరుగు మీద చర్చకు రాలేదు. కర్నూలుకు పని లేకుండా పోయింది. కారుకు కూడా. దానితో రెడ్డిగారు ప్రజాసేవ వైపు తిరిగారు. ఆ మరుసటి ఏడు లూదియా సంగతి తెలిసినప్పుడు వారే నన్ను పిలిచారు.

"నా హడ్సనుండంగా నీకేం భయమప్పా! నొప్పులని కబురు పంపు, గంటలో నంద్యాల్లో ఉంటాది. నా మాట మాటే."

నేను దండం పెట్టాను. లూదియా ఆ సాయంత్రం చాలా రోజుల తరువాత నిశ్చింతగా అన్నం తిన్నది.

ఆ నవంబరులో వచ్చిన పత్రికలో, రాబోయే ఏడు నుంచి హడ్సన్ పేరుతో కార్లు ఉండవని ఉంది. నాష్ పేరుతోనూ ఉండవని ఉంది. నాష్ వారి సంగతి వారి బంధువులు చూసుకుంటారని రెడ్డిగారు దాన్ని పక్కన పెట్టారు. హడ్సన్ వార్తను మాత్రం నాచేత రెండుసార్లు చదివించుకుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నిజంగానే ఏడ్చారు. అబద్ధం రాయకూడదు.

శాస్త్రి గారు ధర్మం చెప్పారు. "పెండ్లయిపోయిన ఆడబిడ్డ అయితే పుట్టింటివాళ్లకు మూడు రోజులే మైల. అస్థులు గిస్థులు అత్తింటివాళ్లే చూసుకుంటారు. మగపిల్లవాడైతే పది రోజులు. అస్థులు మనమే కలపాల. మీ హడ్సను మగపిల్లవాడేనని ఊరంతా ఎరుగుదురు."

"పది రోజులే చేద్దాం," అన్నారు రెడ్డిగారు. "తక్కువ చేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

కారు నడిపే రంగయ్య దానికి అందరికన్నా దగ్గరివాడు గనుక కర్తగా నిర్ణయించి అతనికి గుండు గీయించారు. మీసం కూడా పోయింది. "కారు పోలేదు గదన్నా, షెడ్డులోనే ఉంది, నా మీసమేంటికి తీసినారు?" అని అతను ఊరంతా అడుగుతూ తిరిగాడు. కారుకు అలంకారాలు ఉండరాదని నాలుగు చక్రాలూ ఊడదీసి గోడకు ఆనించారు. ఇక అస్థుల సమస్య వచ్చింది. కారు దేహంలో మాంసం లేదు, అంతా అస్థే గనుక, కదిలే భాగాలను పట్టి ఉంచేవి ఏవో అవే ముఖ్యమని శాస్త్రి గారు తేల్చారు. ఊడదీసిన చక్రాల నట్లను పసుపు గుడ్డలో మూట కట్టుకుని, వారే కృష్ణలో ముంచి తేవడానికి మూడో నాడు శ్రీశైలం బయలుదేరారు. తొమ్మిదో నాటికి తిరిగి వస్తామన్నారు. షెడ్డు ముందు స్మారకంగా ఒక వేదిక కట్టడానికి బేతంచెర్ల నుంచి నాపరాళ్లు పురమాయించారు. సంతాప తీర్మానం రాసే పని నాకు ఇచ్చారు. మంచి మాటలు వేయమన్నారు. వేశాను.

ఆరో నాడు పొద్దున్న తొమ్మిది గంటలకు లూదియాకు నొప్పులు మొదలయ్యాయి. బస్సు పోయి అరగంట అయింది. మంత్రసాని బాలమ్మ చూసి బయటికి వచ్చింది. "సారూ, ఇది నా చేతిలో పని గాదు. బేగా నంద్యాలకు తీస్కపో. ఈడనే నిలబడి ఏం చూస్తాండావ్?" అన్నది.

పరుగెత్తాను. రెడ్డిగారు అరుగు మీద నేలనే కూర్చుని ఉన్నారు. మైలలో కుర్చీ పనికిరాదు.

"అయ్యో సారూ! ఈ పొద్దేనా!" అని వారు బాధపడ్డారు. "ఇస్తానన్నా, ఇస్తా. నా మాట మాటే. కానీ కడుపుతో ఉండే మనిషిని మైల బండిలో ఎక్కిచ్చమంటావా? ఏమన్నా అయితే ఆ పాపం నాకు సుట్టుకోదా? నీ మేలు కోరేవాణ్ణి గాబట్టి చెప్తాండా. ఇంకా ఐదు దినాలు ఓర్చుకోమను."

కమలాక్షమ్మ గారు గడప దాటి వచ్చారు. "ఇనుముకు మైలేందయ్యా? యాడన్నా ఉందా? ఆయమ్మ ఆడ సస్తా ఉంటే ఐదు దినాలు ఓర్చుకోవాల్నా? రంగయ్యా, తీ బండి!"

రంగయ్య గుండు నిమురుకున్నాడు. "తీస్తామ్మా. చక్రాలెక్కిస్తా. నట్లేవి? నట్లు శ్రీశైలం పోయినాయి గదా."

ఆమె అతన్ని చూశారు, మొగుణ్ణి చూశారు. "ఈ ఇంటికి ఇల్లటం తెచ్చుకునేటప్పుడే మా నాయన ఇంగొంచెం యోచన చేసింటే బాగుండె," అని లోపలికి పోయారు.

ఆ సమయానికే వేదిక రాళ్లతో బేతంచెర్ల లారీ వీధిలోకి తిరిగింది. నడిపేవాడు మత్తయి. మా చర్చి సంఘం మనిషే. విషయం వినగానే కిందికి దూకాడు. "బండలు ఈడనే పడేస్తాన్నా. పగిల్తే పగలనీ. అయిదు నిమిసాల్లో పోతాం."

"స్మారకం బండలప్పా!" అన్నారు రెడ్డిగారు. "పగిలిన బండ స్మారకానికి పనికొస్తాదా? ఒక్కొక్కటే దించండి. గడ్డి మీద దించండి."

నలభై బండలు. ఒక్కొక్కటీ ఇద్దరు పట్టుకుని, గడ్డి పరిచి, అంచు విరగకుండా దించారు. నేనూ ఒక చివర పట్టుకున్నాను. గంటన్నర పట్టింది. ఒక్క బండ కూడా పగలలేదు. రెడ్డిగారు మెచ్చుకున్నారు. కమలాక్షమ్మ గారు తమ మంచం మీది పరుపు తీయించి లారీలో వేయించారు. మైలింటి వస్తువు బయటికి పోరాదని ఎవరో గొణిగితే, "నువ్వొచ్చి ఆపు, సూస్తా" అన్నారు. ఎవరూ ఆపలేదు.

లూదియానూ బాలమ్మనూ ఎక్కించుకుని బయలుదేరాం. శిరివెళ్ల దాటాక లారీ ఆపమని బాలమ్మ అరిచింది. మత్తయి ఆపి, దిగి, రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాడు. బిడ్డ పుట్టింది. ఆడబిడ్డ. ఏడవలేదు.

లూదియాను నంద్యాల చేర్చాం. దొరసాని డాక్టరు ఆమెను బతికించింది. తరువాత నన్ను వరండాలోకి పిలిచి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పింది. అందులో ఒక గంట ముందు అన్న మాట ఉంది. ఆళ్లగడ్డలో అందరికీ ఇంగ్లీషు తెలుగులో చెప్పేవాణ్ణి నేను. ఆ ఒక్క వాక్యం లూదియాకు తెలుగులో చెప్పలేదు.

మా క్రైస్తవుల లెక్కలు వేరు. బిడ్డను మరునాడే నంద్యాలలోని మా శ్మశానంలో పెట్టాం. పాటలు పాడినవారు ముగ్గురు. పదకొండో నాడు నేను తీర్మానం చదవవలసి ఉన్నందున ఆళ్లగడ్డకు వచ్చాను. సభకు షెడ్డు ముందు చోటు చాలలేదు. ప్రధానోపాధ్యాయులు బడికి సెలవు ప్రకటించారు. నేను నంద్యాలలో ఉన్న నాలుగు రోజులకు సెలవు చీటీ ముందుగా పంపలేదని వారే నన్ను ఆ ఉదయం మందలించారు. నిబంధన నిబంధనే.

రెడ్డిగారు కొత్త వేదిక ఎక్కి ప్రసంగించారు. "మహాజనులారా! మన హడ్సను పోయినాడు. డెట్రాయిట్ యాడ, ఆళ్లగడ్డ యాడ? ఐనా ఆ దేశంలో కన్నీళ్లు పెట్టనోళ్లకు బదులు మనం పెట్టినాం. దుఃఖంలో పక్కనోడికి అండగా నిలబడే గుణం మన సీమ రక్తంలోనే ఉందప్పా!" చప్పట్లు మోగాయి. సంతాపసభలో చప్పట్లు కొట్టరాదని ఎవరో అనగా ఆపారు. నేను తీర్మానం చదివాను. మంచి మాటలు ఉన్నాయని పలువురు మెచ్చుకున్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించడానికి అందరూ లేచినప్పుడు రెడ్డిగారు కాస్త వంగి, "ఆ, మన రాజరత్నం సారింట్లో గూడా ఏందో జరిగిందంట, అది గూడా ఇందులోనే కలిపి నిలబడండి" అన్నారు. నిలబడ్డారు. అందులో మాకు ఎంత వచ్చిందో నేను విడదీసి చూసుకోలేదు.

తీర్మానాన్ని డెట్రాయిట్‌కు విమానపు టపాలో పంపమన్నారు. అక్కడి కార్ఖానా మూసి మూడేళ్లయిందని నాకు తెలుసు. చిరునామా గుండ్రని అక్షరాలతో రాశాను.

ఇది జరిగి మూడేళ్లు కావస్తున్నది. ఈ సంగతి నంద్యాలలో, పాములపాడులో, బదిలీ అయి పోయిన ప్రతి ఊళ్లోనూ నాచేత చెప్పించుకున్నారు. అందరూ నవ్వారు. నవ్వదగినదే. అయిపోగానే అందరూ ఒకటే అడిగారు. మీకు ఆ శ్రమ లేకుండా చెబుతున్నాను. శాస్త్రి గారు నట్లు క్షేమంగా తెచ్చారు. కారు బాగుంది. ఇప్పటికీ నడుస్తున్నది.

లూదియా ఎలా ఉందని ఎవరైనా అడిగితే చెప్పడానికి కూడా ఒక వాక్యం సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఇంతవరకు అవసరం పడలేదు.