రాణి రూపాయికి నలుపు

నీలం నగర్లో పెంటప్ప ఇంట్లో ఆ శుక్రవారానికి రెండే పనులు అనుకున్నారు. పొద్దున పూజ. మధ్యాహ్నం నాణేలు పరీక్షించే ఋషికేశ్ వచ్చి, ఇంట్లో ఉన్న రాణి బొమ్మ వెండి రూపాయి ఏ స్థితిలో ఉందో తేల్చడం. మార్కండేయుని ఉత్సవానికి నేతగాళ్ల సంఘం వాళ్లు పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. స్థితి బాగున్న నాణేనికి అద్దాల పెట్టె, మిగతావాటికి అందరితో కలిపి ఒక పళ్లెం. తాత బతుకుదెరువుకు వచ్చిననాడు నడుముకు కట్టుకొచ్చిన రూపాయి పళ్లెంలో పడటం పెంటప్పకు ఇష్టం లేదు. అద్దాల పెట్టె ఖాయమని మగ్గాల షెడ్డులో ముందే చెప్పేశాడు.

ఆ రూపాయి ఉండేది దేవుని గూట్లో, లక్ష్మీదేవిగా. పెంటప్ప భార్య గంగుబాయికి ఏడాదిగా మణికట్టు నొప్పి. గూడును పైపైన తుడిచి వదిలేస్తూ వచ్చి, చివరికి పోయిన నెలలో కోడలు లలితకు అప్పగించింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి లలిత చేతికి పూర్తిగా వచ్చిన పని అదొక్కటే. వంట ఇప్పటికీ అత్త కనుసన్నల్లోనే జరుగుతోంది. అందుకే ఆ పొద్దున లలిత ఒళ్లు దగ్గర పెట్టుకుని దీపాలు, గంట, పళ్లెం తోమి, అదే చింతపండుతో రూపాయిని కూడా తోమింది. రాణి తళతళలాడింది.

అప్పుడే మొగుడు ప్రవీణ్ షెడ్డు నుంచి వచ్చాడు. "లలితా, ఋషికేశ్ ఫోన్ చేసిండు. నాణెం ముట్టుకోవద్దట. కడిగితే మొత్తం ఖరాబ్ అయితదట. ఆ పాత నలుపే దాని అందమట."

లలిత గుప్పిట మూసింది. "జర తుడిచినా?"

"బార్షి ఊర్ల ఎవరో తోమి పెట్టిన్రంట. చాయ్ గూడ తాగకుండ లేసొచ్చిండంట."

మొగుడికి చెబితే అత్తకు చెప్పినట్టే. లలిత కొంగున రూపాయి ముడేసుకుని పక్కింటి ఎల్లమ్మ దగ్గరికి నడిచింది. ఎల్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"నల్లగ జెయ్యాలె, గంతే కదా? ఇగో, నా ఉంగరం జూడు. నిన్న ఉడికిన అండాలు ఒలిచిన, మసి లెక్క అయింది."

"అండానా? ఇయ్యాల శుక్రారం అక్కా! అత్తమ్మ సంగతి నీకు ఎరుకే."

"మా ఇంట్ల శుక్రారం లేదే పిల్లా. శనారం ఉంది."

ఈ ఏర్పాటులో లలితకు పెద్ద తప్పు కనిపించలేదు. ఉడికిన గుడ్డును వేడివేడిగా చిదిమి, రూపాయితో పాటు స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించారు. మూత తీసేసరికి రాణి ఒక పక్క నల్లగా, ఒక పక్క నెమలికంఠం రంగులో ఉంది. కంపు మాత్రం మామూలుగా లేదు. ఎల్లమ్మ దానికీ ఉపాయం చెప్పి, తంబాకు పొడితో రుద్దింది. లలిత ఇంటికొచ్చి పసుపు కుంకుమ పెట్టి గూట్లో కూర్చోబెట్టింది.

పూజ దగ్గర గంగుబాయి ముక్కు ఎగబీల్చింది. "ఏందే, లచ్చిమి బీడీ తాగినట్టు వాసనొస్తుంది?"

"ఎల్లమ్మక్క వచ్చిపోయింది అత్తమ్మా."

"దాన్ని దేవుని గూడు దాక రానిచ్చినవా? గూడు నీకు అప్పజెప్పి తప్పు జేసిన్నా ఏంది?" అని గంగుబాయి ఒక కట్ట అగరుబత్తీలు ఒకేసారి వెలిగించింది. పెంటప్ప దగ్గుతూ వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

ఋషికేశ్ వచ్చేసరికి పొగ ఇంకా పోలేదు. అతను చాపమీద తెల్లగుడ్డ పరిచి, భూతద్దంలోంచి రాణిని చాలాసేపు చూశాడు. ఎల్లమ్మ చాటతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కాకా, ఇది తోమిన నాణెం," అన్నాడతను పెంటప్పతో.

లలిత వంటింటి వైపు జరిగింది.

"ఒక్కనాటి తోముడు కాదు. ఏండ్లకేండ్లు, ప్రతి వారం తోమిన్రు. ముక్కు లేదు, చెవి లేదు, కిరీటం సగం ఉంది."

అందరూ గంగుబాయి వైపు తిరిగారు.

"నన్నేం జూస్తున్రు? దేవుని సామాను తోమక మురికిగ పెడ్తరా?" అంది గంగుబాయి. ఆ మాటను అప్పటికప్పుడే చట్టంగా రాసుకోవాలనిపించింది లలితకు.

"ఇది ఫేర్ మెట్టుల వస్తది," అన్నాడు ఋషికేశ్, కాగితం మీద రాస్తూ.

పెంటప్ప ముఖం విప్పారింది. "ఫేర్ అంటే మంచిదే గదా?"

"లేదు కాకా. దీనికింద ఇంకొక్క మెట్టే ఉంది." రూపాయిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నలుపు మాత్రం కొత్తది. అండాతోని జేసిన్రు. ఇయ్యాలనే."

గుమ్మంలో ఎల్లమ్మ లేదు.

"అండానా?" గంగుబాయి గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "శుక్రారం నాడు లచ్చిమిని అండాల పెట్టినవా?"

"మొదలు తోమిన అత్తమ్మా. తోమద్దని మీ కొడుకు చెప్పేసరికి..."

"తోమినవా?"

"చింతపండుతోని. బాగ మెరిసింది గూడ."

గంగుబాయి ఋషికేశ్ చేతిలోంచి రూపాయిని లాక్కుని, అంట్లు తోముకునే జాలాట్లోకి నడిచింది. చింతపండు, బూడిద, ఇటుకపొడి, ఆఖరికి గిన్నెలు తోమే తీగపీచు. గుడ్డు నలుపు కదల్లేదు. మణికట్టు పట్టేసింది. పీచు కోడలి చేతికిచ్చి, పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"నీ చెయ్యే ఆడ్తది. రుద్దు. గూడు నీదే, ఇంకెవరితోని గాదు. ఎల్లమ్మను మాత్రం గడప తొక్కనియ్యకు."

లలిత కళ్లు తుడుచుకుని, ఉన్న బలమంతా పెట్టి రుద్దడం మొదలుపెట్టింది.

జాలాట్లోంచి వినబడుతున్న ఆ చప్పుడు కాసేపు ఆలకించి, ఋషికేశ్ ఫేర్ అన్న మాట కొట్టేసి, ఇంకొక్క మెట్టు మిగిలి ఉన్నందుకు సంతోషించాడు.