వాలు ముక్కలు

ఆ పొద్దున గుండయ్య శెట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉగ్గాని తిని జీపెక్కాలి. దీపాలు పెట్టే వేళకు పులివెందుల చేరి, చెన్నకేశవరెడ్డి కూతురి పెళ్లికి చేయించిన చంద్రహారాన్ని ఆయన చేతిలో పెట్టాలి. తెల్లవారితే ముహూర్తం. హారం అందకపోతే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో శెట్టి మళ్లీ తలెత్తుకు తిరగలేడు.

శెట్టికి పుట్టుకతోనే నమ్మకం లేదు. పాలామె నీళ్లు కలిపిందని రోజూ అనుమానం. కలపని రోజున ఎందుకు కలపలేదా అని ఇంకా పెద్ద అనుమానం. అంగట్లో నగలు చేసే బ్రహ్మయ్యాచారి ఇంటికి పోయేముందు పంచె అంచులు, చొక్కా, చివరికి మీసాలు కూడా దులిపి పోవాలి. రాలిన బంగారు పొడిని శెట్టి గులాబీ కాగితంలో పొట్లం కట్టి దాచేవాడు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మిలిటరీ వేలంలో కొన్న శెట్టి జీపు వానాకాలంలో ముద్దనూరు అవతలి వాగుల్లో, వంకల్లో కడుపు ఆనించి కూర్చునేది. జమ్మలమడుగు మెకానిక్కు హబీబుల్లా చక్రాల మీది కమాను స్ప్రింగులకు అదనంగా పట్టీలు వేసి దాన్ని జానెడు పైకి లేపాడు. లేపాక కొత్త రోగం పట్టుకుంది. స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది, కింద తిరిగే షాఫ్టు దడదడలాడేది. హబీబుల్లా ఇరుసులకూ కమాన్లకూ మధ్య నాలుగు ఇనుప ముక్కలు పెట్టాక జీపు దారికి వచ్చింది.

"ఎత్తు పెంచితే ఇరుసు మొగం పక్కదోవ చూస్తాది శెట్టీ. దాని మొగం తిప్పి నిలబెట్టినా. ఈ హబీబుల్లా చేయి పడితే ఇనుమైనా మాట వినాల్సిందే," అని మీసం దువ్వాడు. ఆ దువ్వడమే శెట్టికి నచ్చలేదు.

ఉగ్గాని తిన్నాక శెట్టి జీపు కిందకి దూరాడు. భార్య లక్ష్మీకాంతమ్మ గడపలోంచి, "ఏందయ్యా, పెండ్లికి పోయే గుడ్డలతో ఆడేం ఎతుకుతాండావు?" అంది. శెట్టి ఇంకా లోపలికి జరిగాడు. ఆయన కళ్లకు ఘోరం కనిపించింది. నాలుగు ముక్కలూ ఒక పక్క లావు, ఒక పక్క సన్నం!

"ఒరే వలీ! ఇదేందిరా? ఒక పక్క అరగదీసి ఇనుము తినేసినాడు మీ మామ!"

డ్రైవరు వలి బాషా హబీబుల్లాకు మేనల్లుడు. "అది అట్లనే వాలుగా ఉండాల సామీ. ఆ వాలే..."

"మామ తినేదానికి, అల్లుడు తలాడించేదానికి సరిపోయింది. విప్పు!"

వలి నాలుగూ విప్పాడు. శెట్టి పిలిపిస్తే వచ్చిన బ్రహ్మయ్యాచారి ఇష్టదైవాన్ని తలుచుకుని, నగలు సవరించే ఆకురాయితో లావు పక్క రాకి రాకి పలకల్లాగా సమం చేశాడు. వలి వాటినే మళ్లీ బిగించాడు. రాలిన ఇనుప పొడిని పారేయడానికి శెట్టికి చేతులు రాలేదు. అలవాటు కొద్దీ గులాబీ కాగితంలో పొట్లం కట్టాడు. చంద్రహారమూ గులాబీ పొట్లంలోనే ఉంది. రెండూ ఆయన కోటు జేబులోకి చేరాయి.

ఎర్రగుంట్ల దాటేసరికి స్టీరింగు మళ్లీ వణకడం మొదలుపెట్టింది. వలి చేతులు మోచేతుల దాకా ఊగుతున్నాయి. కింద ఎవరో రోట్లో దంచుతున్నట్టు చప్పుడు.

"కావాలనే ఊపుతాండావు కదూ? నన్ను భయపెట్టి దింపేసి హారంతో పోదామనా?"

"నేను ఊపడంల్యా సామీ, అదే నన్ను ఊపుతాంది!"

శెట్టి తనే చక్రం పట్టుకున్నాడు. చక్రం ఆయన్నీ ఊపింది, కళ్లద్దాలు ఊడి ఒళ్లో పడ్డాయి. ముద్దనూరు టీ అంగడి ముందు ఫట్టుమని షాఫ్టు జాయింటు విరిగి జీపు నిలిచిపోయింది.

ఇక మిగిలింది హబీబుల్లానే. జమ్మలమడుగు వైపు పోయే లారీ దొరికితే శెట్టి వలిని ఎక్కించి, జేబులోంచి ఒక పొట్లం తీసి చేతిలో పెట్టాడు. "ఈడ ఇంత పొడి రాలిందంటే, ఆ సన్నం పక్క ఇంత ఇనుమూ ఆయప్పే తిన్నట్టు. ఇది మొగాన కొట్టి పిలుచుకరా!"

లారీ కనుమరుగయ్యాక శెట్టి టీ తాగి, హారాన్ని ఒకసారి చూసుకుందామని రెండో పొట్లం విప్పాడు. ఇనుప పొడి!

శెట్టి పెట్టిన కేకకు టీ అంగడే కాదు, సంతకు వచ్చిన జనమంతా మూగారు. బీడీ కాలుస్తున్న కానిస్టేబులూ లేచి వచ్చాడు. "పన్నెండు తులాలప్పా! పన్నెండు తులాల చంద్రహారం! మామా అల్లుడూ కలిసి ముంచేసినారు!" శెట్టి నెత్తి కొట్టుకుని నిజంగానే ఏడ్చాడు. రేపు పీటల మీద బోసి మెడతో కూర్చునే పెళ్లికూతురు, వీధిలో నవ్వే సాటి వ్యాపారులు కళ్ల ముందు కనిపించారు.

పొద్దు నడినెత్తి దాటగానే లారీ తిరిగి వచ్చింది. హబీబుల్లా దిగాడు, ఒక చేతిలో పనిముట్ల సంచి, రెండో చేతిలో గులాబీ పొట్లం. వెనకాలే వలి.

"ఇదో నీ సొమ్ము. నువ్వు అనుమానాల పుట్టవని ఊరంతా తెలుసు. అందుకే పొట్లంలో హారం చూడంగానే మా ఊరి కంసాలి అంగట్లో నలుగురి ముందరా తూకం వేయించినా. పదకొండున్నర తులాలు."

జనం మెడలు శెట్టి వైపు తిరిగాయి. కానిస్టేబులు బీడీ పారేశాడు. "పన్నెండంటివే శెట్టీ?"

"లంకె లంకె చూసుకో," అన్నాడు హబీబుల్లా. "యాడన్నా తెగిందా? అరిగిందా?"

శెట్టి చూశాడు. తెగలేదు, అరగలేదు. పన్నెండుకు లెక్క కట్టి, హారంలో వేయకుండా మిగుల్చుకున్న ఆ అర తులం ఎక్కడుందో ఆయనకొక్కడికే తెలుసు. ఇంట్లో ఇనప్పెట్టెలో, ఇలాంటిదే ఇంకో గులాబీ పొట్లంలో భద్రంగా ఉంది. తాను దొంగైతే పరుల నమ్మడని ఊరికే అనలేదు పెద్దలు. శెట్టి చెవులు సిగ్గుతో మండాయి.

"పదకొండున్నరేలేప్పా... ఏడుపులో నోరు జారింది."

"జారుతాది, జారుతాది," అన్నాడు హబీబుల్లా జీపు కిందకి దూరుతూ. "రెడ్డి ఇంట్లో ఆయిలింజను నేనే చూసేది. పెండ్లికి నన్నూ పిలిచినాడు. నీతోనే వస్తా." కొత్త జాయింటు వేశాడు, కొత్త ముక్కలు బిగించాడు. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. శెట్టి అటువైపు చూడనే లేదు.

పులివెందులలో అప్పుడే దీపాలు పెడుతున్నారు. శెట్టి హారాన్ని రెడ్డి చేతిలో పెట్టి, వెనక నిలబడి మీసం దువ్వుతున్న హబీబుల్లాను ఒకసారి చూసి, తన వేలి ఉంగరం లాగి దానిమీద పెట్టాడు. "నేను చెప్పింది పన్నెండు, హారం తూగింది పదకొండున్నర. ఈ తులం ఉంగరంతో లెక్క సరి. మిగిలింది పాపకు మా దీవెన."

రెడ్డి కళ్లు చెమర్చాయి. "అడక్కముందే తరుగు చెప్పే సావుకారును ఇప్పుడే చూస్తాండానప్పా!"

పెళ్లి భోజనాలయ్యాక, వాలు ముక్కల మీద జీపు ప్రొద్దుటూరుకు తిన్నగా పోయింది.