సొరుగు సాధించిన చెంచురామయ్య

ఇప్పపూల మత్తుగాలి ఒకవంక నుండియు, మిరపకళ్లముల ఘాటు వేరొకవంక నుండియు వచ్చి, ఎదురెదురుగా తాకి తుమ్ములు పుట్టించు ఖమ్మము సీమ తూర్పు సరిహద్దున, భద్రగిరి దారికి కూతవేటు దూరమున, కిన్నెరసాని ఒక్క మెలిక తిరిగి, తిరిగినందులకు తానే మురిసి నడక మందగించిన చోట, చింతలచెలక యను పల్లె కలదు. క్రోధన నామ సంవత్సర జ్యేష్ఠమాసమున, రోళ్లు పగులగొట్టి అలసిన రోహిణి కార్తె తన పగ్గములను మృగశిర చేతికి అందించు సంధికాలమున, ఆ పల్లెలోని ఒక పెంకుటి కొట్టమునందు సంభవించిన మహాసంగ్రామమును ఆలకింపుడు. ఇందు గజబలము లేదు, అశ్వబలము లేదు; ఒక బర్రె కలదు. రక్తపుటేరులు లేవు, ఒక బొటనవ్రేలి గోరు మాత్రము నల్లబడినది. అయినను పౌరుషమునకు కొలత పోరిన పట్టుదలయే గాని పోరిన వస్తువు కాదని పెద్దలు చెప్పిరి, చెప్పనిచో చెప్పవలసియుండెను.

తాతల నాడు కృష్ణ ఒడ్డును విడిచి, మధిరలో ఒక తరము ఆగి, అడవి అంచున నల్లరేగడి కంటబడినంతనే కాడి దించిన వంశమున జన్మించినవాడు, మిరపతోటలకు మిత్రుడు, పొగాకు చేలకు ప్రభువు, ఉలి పట్టిన ఉద్దండుడు, రంపము దూసిన రణధీరుడు, చెంచురామయ్య ఈ కథకు నాయకుడు. అతడు వృత్తిచే కర్షకుడు, వ్యసనముచే వడ్రంగి. అతడు స్వహస్తములతో నిర్మించిన ముక్కాలిపీటకు నాలుగు కాళ్లుండెను. వానిలో ఎప్పుడును మూడే నేలను తాకెడివి. ఏ మూడు తాకవలెనో అవి తమలో తాము వంతులు వేసికొనెడివి.

కారణము లేక కార్యము పుట్టదు గనుక, కారణమును ముందు చెప్పుట ధర్మము. ఆ కొట్టము తరతరములుగా బర్రెలది. పెరిగిన వడ్రంగి వ్యసనమునకు చోటు చాలక, చెంచురామయ్య తన కాటుక యను బర్రెను పెరటిలోని తాటాకుపందిరి క్రిందికి తరలించి, నడికొట్టమున నాటియున్న దాని కట్టుగొయ్యను పెకలించి, ఆ గోతిని పూడ్చి, ఆ స్థలమున తన పనిబల్లను ప్రతిష్ఠించెను. ఆ పెకలింపబడిన కట్టుగొయ్యయే ఈ సంగ్రామమునకు బీజము.

పనిబల్ల నిలిచినది గాని పనిముట్లకు నెలవు ఏర్పడలేదు. నెలవు లేని వస్తువు నడక నేర్చును. చిల్లులు తొలుచు బర్మా నడచి నడచి బియ్యపు గంపలో చేరెను. ఆకురాయి దేవుని గూటిలో కుంకుమబరిణె ప్రక్కన పూజలందుకొనెను. మేకులు గుంపుగా వలసపోయి చింతపండు జాడీలో కాపురము పెట్టెను. తత్ఫలితముగా ఒకనాటి మధ్యాహ్నమున, ములక్కాడల పులుసును ఆస్వాదించుచున్న చెంచురామయ్య దంతపంక్తి నడుమ టంగుమని ఒక లోహనాదము జనించెను. అతడు నోటినుండి వెలికితీసిన మేకును చూచి, అతని ధర్మపత్ని, వంటయింటి సార్వభౌమురాలు, పున్నమ్మ గరిటెను నేల దించెను.

"ఏందయ్యా ఇది? నేను పులుసుల ములక్కాడ ఏసిన్నా, మేకు ఏసిన్నా?"

"మంచి మేకే పున్నమ్మా. తుప్పు కూడ పట్టలే," అనెను నాయకుడు, దానిని పంచె చెరగుతో తుడుచుచు.

ఆ ఒక్క మాటతో సంధి ద్వారములన్నియు మూతపడెను.

"ఇగో, చెప్తున్న ఇను," అని పున్నమ్మ లేచి నిలిచెను. "కాటుక నిండుచూలుమీదున్నది. మృగశిర జొచ్చిందంటే ఆ తాటాకుల కింద ఎట్ల ఈనుతది? ఈలోపు నీ ఇనుప సామానంత ఒక్కకాడ సర్దు. నాకు అక్కరపడ్డ నాడు ఒక్కటంటే ఒక్కటి అడుగుత. ఎసరు మరిగేలోపల అది నా చేతుల పెట్టినవా, కొట్టం నీది. పెట్టలేదా, కొట్టం బర్రెది, నీ బల్ల పొయ్యిలది. మల్ల అలిగి అరుగు మీద పండుకుంటే ఊకోను."

అంతట చెంచురామయ్య కుడిచేత మేకును పైకెత్తి, ఎడమచేత మజ్జిగ గ్లాసును పట్టి, ఇట్లు ప్రతిన పలికెను: "ఓ గృహిణీ! వినుము! రంపమునకు గూడు, ఉలికి ఒర, సుత్తికి సింహాసనము నిర్మింపక ఈ చెంచురామయ్య విశ్రమింపడు! నీవు కన్నులు మూసి అడుగుము, నేను కన్నులు మూసి అందించెదను! కొట్టము నాది! నాదియే యగును!"

"ముందు ఆ మజ్జిగ తాగు. చల్లారుతది," అనెను పున్నమ్మ. మజ్జిగ ఏనాడు వేడిగా నుండెనో అడుగు ధైర్యము వీరునకు లేకపోయెను.

ఇక నిర్మాణకాండ. చెంచురామయ్య తన ఆయుధములనన్నిటిని నేలపై పరచి, ఒక్కొక్కదాని చుట్టును బొగ్గుతో గీత గీసి, ఏది ఎంత చోటు కోరునో తెలిసికొని, పిమ్మట కొట్టపు గోడపై ఒక మహా అలమారను చిత్రించెను. తేలికవి పైన, బరువైనవి క్రింద; కావున చెక్కను నునుపుచేయు చిత్రికకు పై సొరుగు, సుత్తికి అన్నిటికన్న అడుగు సొరుగు. సొంత చేనిగట్టున గాలికి పడిన మద్దిమానును కోయించి పలకలు సిద్ధపరచెను. సొరుగునకును దాని గూటికిని నడుమ, ఇరువైపులను, వడ్రంగులు నూలు అని పిలుచు సన్నని ఎడమును విడిచెను. చెక్క తేమ త్రాగి ఉబ్బిన వేళ ఊపిరి పీల్చుకొనుటకు ఆ ఎడము. ఇంతవరకు అతడు నిర్దోషి.

కాని ఇల్లు కట్టు కుటుంబములలో పుట్టినవానికి ఆయము చూడక మేకు దిగదు. గది పొడవును వెడల్పును హెచ్చవేసి, వచ్చినదానిని ఎనిమిదింట భాగించి, మిగిలిన శేషమును బట్టి ధ్వజాయము, సింహాయము, గజాయము మొదలుగా శుభాశుభములు నిర్ణయించుట పెద్దల పద్ధతి. అది మనుష్యులు కాపురముండు గదులకు. చెంచురామయ్య దానిని సొరుగులకు చూచెను. చూడగా, హా విధీ! శునకాయము వచ్చెను.

"కుక్కనా? నా సుత్తిని కుక్క ఆయంల పండబెట్టాల్నా?" అని అతడు బొగ్గును నేలకు కొట్టెను.

పశువుల పని చూచుటకు అడవి అంచు గూడెము నుండి దినదినము వచ్చు గంగక్క, పెండతట్టను నడుమున మోపి గుమ్మమున నిలిచి, ఈ విచారమునంతయు చూచుచుండెను. "సొరుగుల ఎవలు కాపురముంటరు పటేలా?" అని అడిగెను.

"సుత్తి."

"దానికి పెండ్లాం పిల్లలు గిట్ల ఉన్నరా?"

వీరుడు వినలేదు. కొలతను అణుమాత్రము పెంచినచో శునకము తొలగి వృషభము వచ్చుచున్నది! పాడిపంటల నిచ్చు వృషభాయము! అతడు ప్రతి సొరుగును ఆ అణుమాత్రము పెంచెను. గూళ్లు అప్పటికే బిగింపబడియుండుట చేత అవి పెరుగలేదు. కావున పెరిగిన అణువు విడిచిన నూలును మ్రింగెను. శుభము లోపలికి వచ్చినది, ఊపిరి బయటికి పోయినది. రోహిణి ఎండలో ఎండి గలగలలాడు మద్దిచెక్క ఆనాడు ఏమియు చెప్పలేదు. సొరుగులు జారుబండపై పిల్లలవలె జారెను. చెంచురామయ్య ఆయుధములన్నిటిని లోపల పవళింపజేసి, పున్నమ్మను పిలిచి, "అడుగు! ఏదన్న అడుగు!" అని తొడగొట్టెను.

పున్నమ్మ అలమారను నఖశిఖ పర్యంతము పరికించి, "మంచిగనే ఉన్నది. ఇయాల నాకేం అక్కర లేదు," అని వెళ్లిపోయెను. రోజెంచుకొను హక్కు తనదని ఆమె మరువలేదు.

మృగశిర వచ్చెను. కారుమేఘములు పాపికొండల వైపు నుండి ఏనుగుగుంపులవలె కదలివచ్చి కిన్నెరసానిపై తొండములు వంచెను. వాన పట్టినది పట్టినట్లే యుండి, కట్టెలు తడిసెను, పిడకలు మెత్తబడెను, అప్పడములు చాపలవలె సాగెను. గోడకు బిగింపబడిన అలమారలో మద్దిచెక్క మౌనముగా తేమను త్రాగి త్రాగి, వృషభమువలె ఒళ్లు పెంచెను.

ఒకనాటి ఉదయమున తాటాకుపందిరి ఒకవంకకు ఒరగెను. అదే వేళకు కాటుకకు నొప్పులు మొదలయ్యెను. గంగక్క గోనెపట్టాను నెత్తికి కప్పుకొని, వణుకుచున్న బర్రెను పలుపు పట్టి కొట్టములోనికి నడిపించెను. వెనుక పున్నమ్మ పెద్ద కాగుతో వచ్చి, మూడు రాళ్లు పేర్చి, అలమార ప్రక్కనే పొయ్యి సిద్ధపరచెను. ఈనిన బర్రెకు వేడినీళ్లు కావలెను; కొట్టములో వాన కురియని మూల అదొక్కటియే.

"పటేలా, ఇది తిరుగులాడుతాంది. నీ బల్ల మీద పడితే కాళ్లు ఇరుగుతయ్. కట్టుగొయ్య ఏది?" అనెను గంగక్క.

పెకలింపబడిన కట్టుగొయ్య మూలనుండి వెలికి వచ్చెను. దానిని నాటవలెను. పున్నమ్మ భర్త వైపు తిరిగి, చేయి చాచి, శాంతముగా ఒక్క మాట పలికెను.

"సుత్తి."

చెంచురామయ్య చిరునవ్వు నవ్వెను. నవ్వుచు వంగెను. వంగి అడుగు సొరుగు పిడిని పట్టి లాగెను. సొరుగు కదలలేదు. నవ్వు కదలెను. రెండు చేతుల లాగెను. పాదమును గోడకు తన్నిపెట్టి లాగెను. సందులో వ్రేలు దూర్చబోయి బొటనవ్రేలి గోరును నల్లబరచుకొనెను. ఉబ్బిన చెక్కను సన్నగా చెక్కుటకు చిత్రిక కావలెను. చిత్రిక పై సొరుగులో నుండెను. పై సొరుగును బిగిసియుండెను. ప్రతి ఆయుధమును దాని స్థానమున నుండెను. ఏ స్థానమును తెరుచుకొనదు. ఇంత సంపూర్ణముగా సర్దిన పురుషుడు ఆ సీమలో అంతకుముందు లేడు.

"ఓరీ సొరుగా!" అని వీరుడు గర్జించెను. "నిన్ను నేనే కంటిని, నేనే పెంచితిని! వృషభాయమిచ్చి గౌరవించితిని! శునకముగా నుండవలసిన నిన్ను ఎద్దును చేసితిని! ఇదియా నీ విశ్వాసము? తెరువుము! లేదా..."

"లేదా ఏంజేస్తవ్?" అనెను పున్నమ్మ, కాగులో నీళ్లు పోయుచు.

"గొడ్డలి తెస్త, ఒక్క దెబ్బ ఏయి పటేలా, పగులుతది," అనెను గంగక్క.

"కన్నబిడ్డను నరుకుదునా!"

"అట్లయితె రాయితోని కొడదాం. గొయ్య దిగుడేగద కావాల్సింది?"

"రాయి ముచ్చట లేదు గంగక్కా," అనెను పున్నమ్మ. "పందెం పందెమే. ఎసరు పెట్టిన. ఎసరు మరిగేలోపు సుత్తి. లేదంటే ఈ బల్ల బయటికి."

అయితే ఎసరు మరుగుటకు మంట కావలెను, మంటకు కట్టెలు కావలెను, కట్టెలు వానలో నాని యుండెను. పున్నమ్మ ఊదెను, పొగ లేచెను. గంగక్క ఊదెను, పొగ బలిసెను. అగ్గిపుల్లలు ఒక్కొక్కటిగా ఆత్మార్పణము చేసికొనెను. చెంచురామయ్య గుండెలో ఒక కుటిలమైన ఆనందము తల యెత్తెను: మంట లేనిచో ఎసరు మరుగదు, ఎసరు మరుగనిచో గడువు తీరదు, గడువు తీరనంతకాలము కొట్టము నాది.

అప్పుడు కాటుక మూలిగెను.

అది పెద్ద అరుపు కాదు. పొట్ట పట్టుకొని గోడకు ఒరిగిన ముసలిదాని మూలుగువంటిది. దాని వీపున వాననీరు కారుచుండెను, నడుము జలదరించుచుండెను. అది తల త్రిప్పి, తన పాత నెలవును ఆక్రమించిన పనిబల్లను గాక, దానిని నిలిపిన మనుష్యుని చూచెను. ఇంటిల్లిపాదికి దాని పాలే కాఫీ, దాని పెరుగే రాత్రి అన్నము.

పనిబల్ల క్రింద, బిగియగట్టిన గోనెసంచిలో, చిత్రిక పట్టగా రాలిన చెక్కపొట్టు వానచుక్క తగులక కరకరలాడుచుండెను. ఆ ఇంటిలో పొడిగా మిగిలిన వంటచెరకు అదొక్కటియే. అది అక్కడున్నదని చెంచురామయ్యకు తప్ప వేరెవరికి తెలియదు. దానిని ఇచ్చుట తన ఓటమికి తానే నిప్పు పెట్టుట. అతడు సొరుగును చూచెను; కాగును చూచెను; కాటుకను చూచెను. చూచి, ఏ ప్రసంగమును చేయక, సంచిని లాగి పొయ్యి ముందర కుమ్మరించెను.

"ఇంతసేపు చెప్పవేందయ్యా?" అనెను పున్నమ్మ.

"యాదికి రాలే," అనెను వీరుడు. ఈ సంగ్రామమున అతడాడిన అబద్ధమిదొక్కటియే.

అగ్ని భగ్గుమనెను. పొట్టు మండి కట్టెలను ఎండబెట్టెను, కట్టెలు అంటుకొని కాగును చుట్టెను, ఆ వేడి కాగును దాటి ప్రక్కనున్న అలమార అడుగు సొరుగును తాకెను. పెద్ద కాగు మరుగుట నిదానము. అందాక మద్దిచెక్క త్రాగిన తేమను చెమటగా విడుచుచుండెను. ఇది అప్పటికి ఎవరును గమనింపలేదు. చెంచురామయ్య ఓడిన రాజువలె సొరుగు ముందు చతికిలబడి, ఆశ లేని అలవాటుతో పిడిని లాగుచుండెను. కాగు అడుగున తొలి బుడగ లేచెను. సొరుగు లోపల "కిర్రు" మని ఒక స్వరము లేచెను.

వీరుడు చెవి యొగ్గెను. మరల లాగెను. కిర్రు, కిర్రు. వెండ్రుకవాసి. ధాన్యపుగింజ మేర. "జల్దీ పటేలా, నీళ్లు కూత పెడుతున్నయ్!" అని గంగక్క కేక వేసెను. అతడు కులదైవమును, భద్రగిరి రాముని, మధిరలోని మేనమామను వరుసగా తలచి, పండ్లు బిగించి, వెనుకకు ఒరిగి ఒక్క పెట్టున గుంజెను. సొరుగు బెత్తెడు తెరుచుకొనెను! చేయి దూరెను! చేయి మూసికొనెను! పిడి నుండి మొన దాక సుత్తి వెలికి వచ్చి పున్నమ్మ అరచేతిని అలంకరించెను. ఆ మరుక్షణమే ఎసరు తెర్లి కాగు అంచును కొట్టెను.

పున్నమ్మ సుత్తిని చూచెను, కాగును చూచెను, పొట్టు మసిని చూచెను. ఆమెకు లెక్క తెలిసినది.

"దక్కించుకున్నవ్ పో. కొట్టం నీదే," అనెను.

అని, ఆ సుత్తితోనే, నడికొట్టమున, పనిబల్లను ఒకింత ప్రక్కకు నెట్టి, పాత గోతిలోనే కట్టుగొయ్యను దిగగొట్టెను.

"అదేంది? గెలిచింది నేను గద!"

"నీదే అన్నగద. ఈ జాగ కాటుకకు కిరాయికియ్యి."

"కిరాయి ఏమిస్తది?"

"పొద్దుగాల నీ కాఫీ ఎక్కడిదనుకున్నవ్?"

గంగక్క బర్రెను గొయ్యకు కట్టుచు నవ్వెను. "ఎద్దు ఆయం కావాలంటివి గద పటేలా. ఎద్దు రాలేగాని బర్రె రానే వచ్చె."

ప్రొద్దెక్కునప్పటికి కాటుక సుఖముగా ఒక పడ్డను, అనగా ఆడుదూడను, ఈనెను. పున్నమ్మ సుత్తిని తుడిచి, "ఇగో, ఎక్కడిదక్కడ పెట్టు," అని తిరిగి ఇచ్చెను. చెంచురామయ్య దానిని సొరుగులో పవళింపజేసి, లోపలికి నెట్టబోయి, ఆగెను. వెలుపల వాన కురియుచునే యుండెను. మహావీరులకు ధైర్యమెంత ముఖ్యమో జ్ఞాపకశక్తియు అంతే ముఖ్యము. అతడు సొరుగును నెట్టలేదు.

ఈ కథను మృగశిరలో విన్నవారికి తలుపులు బిగియవు, ఆరుద్రలో చదివినవారికి అప్పడములు సాగవు, ఆయము లెక్కించుచు తలచుకొన్నవారికి నూలెడు సందు మిగులును. తక్కిన సొరుగులు దసరా వరకు తెరుచుకొనలేదు. అడుగు సొరుగు మాత్రము ఆ వానకాలమంతయు బెత్తెడు తెరిచియే యుండెను, ప్రతి ఉదయమును దూడ ఆ సందులో మూతి దూర్చి సుత్తి పిడిని నాకుచుండగా, ఎదుట నాలుగు కాళ్ల ముక్కాలిపీటపై ఊగుచు కాఫీ త్రాగు చెంచురామయ్య, దారిన పోవువారినందరిని కేక వేసి పిలిచి చూపుచుండెను: "సూడుండ్రి! తెరిసే ఉన్నది!"