బాల్కనీ తీగపై హత్యాప్రయత్నం

"పిన్నీ, ఇది తెగులు కాదు. హత్యాప్రయత్నం! దీన్ని ఛేదించగల మెదడు ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. అది నీ ఎదుట నిలబడింది."

భూతద్దం అలా ప్రకటించేసరికి పిన్ని తాగుతున్న టీ కప్పు కింద పెట్టేసింది. భూతద్దం ఆవిడ అక్క కొడుకే; ఎప్పుడూ చేతిలో భూతద్దంతో తిరుగుతాడని ఊరంతా అలా పిలుస్తారు. తమాషా ఏమిటంటే, అతని భూతద్దానికి అద్దమే లేదు. పిడీ, ఉత్త చట్రమూ మిగిలాయి. పోయినేడు అద్దాన్ని అంతర్జాతీయ ముఠా కాజేసిందని అతని వాదన. అయినా అలవాటు కొద్దీ ఆ ఖాళీ చట్రంలోంచే కన్ను చికిలించి లోకాన్ని పరిశోధిస్తుంటాడు.

పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. బాల్కనీ కుండీలోని ఆ క్లెమాటిస్ పూలతీగ బాబాయి పోయేముందు తన చేత్తో నాటింది. ఏటా ఊదారంగు పూలు విచ్చుకుంటే ఆయనే పలకరించినట్టుండేది. ఈసారి ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. మొగ్గ జాడే లేదు. ఇదీ పోతే ఈ ఇంట్లో తనకి తోడెవరని ఆవిడ దిగులు.

"నీళ్లు చాలట్లేదేమోనని రెండుపూటలా పోస్తూనే ఉన్నాన్రా."

"నీళ్లు కాదు పిన్నీ, శత్రువులు! పక్కింటి దర్జీతో గొడవేమైనా ఉందా?"

"ఆరేసిన బట్టల మీద పూలరేకులు రాలుతున్నాయని పోయినేడు ఓ మాటన్నాడు. అంతే."

"అంతేనా! ఆయన వేళ్లకి నీలం మరకలు చూశావా? రసాయనం!"

"బట్టల మీద గీసే సుద్దరా అది."

"నేరస్థులంతా అలాగే చెబుతారు."

"చెప్పింది నేను కదరా!"

మర్నాడు మధ్యాహ్నం భూతద్దం దుప్పటి కప్పుకుని కుండీ వెనక నక్కాడు. చెమటలు కక్కుతున్నా కదల్లేదు. ఇంతలో పక్క బాల్కనీలోకి దర్జీ వచ్చి, పిట్టగోడ మీదుగా చెయ్యి చాచి ఓ ఆకుని మెల్లగా నిమిరాడు.

"కదిలావో, కాల్చేస్తా!"

కాల్చడానికి చేతిలో ఉన్నది చట్రమే. పైగా దుప్పటి కాళ్లకి చుట్టుకుంది. భూతద్దం కుండీని వాటేసుకుని దానితో సహా బోర్లా పడ్డాడు. కుండీ భళ్లున పగిలి, మురిగిన నీళ్లు చివ్వున ముఖాన చిమ్మాయి.

పిన్ని పరుగెత్తుకొచ్చింది. "ఉన్న కాస్త ప్రాణమూ తీసేశావు కదరా!"

"ఎలా ఉందో చూద్దామని వచ్చానండీ," అన్నాడు దర్జీ బిక్కచచ్చిపోయి. "పూలు లేవని మా ఆవిడకి ఒకటే బెంగ."

పిన్ని ఏడుస్తూనే తీగని ఒళ్లోకి తీసుకుంది. సగం వేళ్లు నల్లగా, మెత్తగా కుళ్లిపోయాయి. కుండీ అడుగు ముక్కలో, నీళ్లు పోయే చిల్లు మీద గుండ్రంగా ఏదో అతుక్కుని ఉంది. కొంగుతో తుడిచింది. అద్దం! పోయినేడు కుండీ మార్చిననాడు, మట్టి నింపకముందే అడుగు పరీక్షిస్తానంటూ అందులో తల దూర్చినవాడు గుర్తొచ్చాడు. అతని చేతిలోని చట్రం లాక్కుని అద్దం బిగిస్తే అతికినట్టు సరిపోయింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఆ పని కుండీ చేసింది.

"దీనికి దాహం కాదురా. ఊపిరాడలేదు. నేనేమో ఇంకా ఇంకా పోశాను," అంది పిన్ని.

దర్జీ గోడ మీదుగా కత్తెర అందించాడు. ఆవిడ కుళ్లిన వేళ్లు కత్తిరించింది, తీగని మొదలుకి జానెడు పైన కోసేసింది, ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటి, మొదలుకి ఎండ తగలకుండా నీడ పెట్టింది. పైమట్టి ఆరితేనే నీళ్లు పోసింది. కొత్త కుండీ దరిదాపులకి భూతద్దాన్ని రానివ్వలేదు.

వానలు వెలిశాక ఓ ఉదయం ఊదారంగు పువ్వొకటి విచ్చుకుంది. పిన్నికి కళ్లనీళ్లు ఆగలేదు. పక్క బాల్కనీలో దర్జీ భార్య చప్పట్లు కొట్టింది.

భూతద్దం కాలరెగరేశాడు. "చూశావా పిన్నీ! నేరస్థుడు ఎప్పటికైనా నేరం జరిగిన చోటికి తిరిగొస్తాడని నా సిద్ధాంతం."

"నిజమే నాయనా," పిన్ని కళ్లు తుడుచుకుని కప్పు అందించింది. "రోజూ టీ వేళకి వస్తూనే ఉన్నాడు."